అడగని దీవెన

“అరిచావో, నీ మనవడు నీకు దక్కడు ముసలమ్మా!” ఫోన్లో గొంతు గరగరలాడింది, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు.

ఎదూవిహిస్‌ ఫోను రెండు చేతులా పట్టుకుంది. పెనం మీద అరేపా రొట్టె మాడిపోతోంది. స్టవ్ కట్టేయాలన్న ధ్యాసే లేదు ఆవిడకి.

“బాబూ, వాణ్ణేం చెయ్యకండి! తల్లీ తండ్రీ లేనివాడు. నా చేతుల్లో పెరిగాడు.”

ఇలాంటిదేదో జరుగుతుందని పొద్దుట్నుంచీ అనుకుంటూనే ఉంది. కరూపనో ఊళ్లో గడప దాటేటప్పుడైనా, ఫోను పెట్టేసేటప్పుడైనా పెద్దవాళ్లను ‘దీవించు’ అని అడగని పిల్లలుండరు. ‘దేవుడు చల్లగా చూడాలి’ అనిపించుకుంటేగానీ కదలరు. మాటలొచ్చిన నాటినుంచీ మనవడు యోర్బిస్ కూడా అంతే. అలాంటివాడు ఇవాళ తలెత్తి చూడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వెనకాలే పరిగెత్తి అయినా దీవించాల్సింది. ఈ పాడు మోకాళ్లు కదలనిస్తేనా! దీవెన లేకుండా పోయిన బిడ్డకు దారిలో కీడు ఎదురవక ఏమవుతుంది?

“మీకేం కావాలి నాయనా?”

“పిండి డబ్బాలో దాచావే, బంగారు గొలుసు. అది చర్చి వెనక బెంచీ కింద పెట్టి, తిరిగి చూడకుండా వెళ్లిపో.”

పిండి డబ్బా సంగతి తనకీ, మనవడికీ తప్ప మూడోవాళ్లకు తెలియదు. అంటే బిడ్డని కొట్టి చెప్పించారన్నమాట!

“గొలుసేం భాగ్యం, ప్రాణమైనా ఇస్తాను. ఒక్కసారి వాడికి ఫోనివ్వు బాబూ.”

“కుదరదు.”

“పోనీ ఇంత తిండైనా పెట్టండి. పొద్దున కాఫీ కూడా ముట్టకుండా వెళ్లాడు. నీకూ ఓ అమ్మమ్మ ఉండే ఉంటుంది కదయ్యా!”

ఆవిడ ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

“వింటున్నావా? దీవెన అడగలేదని నేను అలిగాననుకుంటాడేమో, పిచ్చి సన్నాసి. అలగలేదని చెప్పు. అడగకపోయినా దీవించానని చెప్పు.” ఇక ఏడుపు ఆగలేదు ఆవిడకి.

“సర్లే, ఏడవకు.” గొంతులో గరగర తగ్గింది. “పోలీసులకు మాత్రం చెప్పకు.”

“చెప్పను, ఒట్టు. ఇదిగో, డబ్బా దించుతున్నా. వాణ్ణి జాగ్రత్తగా చూసుకో నాయనా.”

“సరే, ఉంటా మరి,” అన్నాడు వాడు.

“దీవించు, అమ్మమ్మా.”