చట్నీ యాడ?

“చట్నీ యాడ?”

శివశంకర్ పార్సిల్ కవర్‌ను కౌంటర్ మీద దబ్బున పడేశాడు. గచ్చిబౌలిలోని ఈశ్వరయ్య జొన్నరొట్టెల పాయింట్ ముందు, సాయంత్రం ఏడున్నరకి క్యూలో నిలబడ్డ ఐటీ జనమంతా ఒక్కసారి ఫోన్లలోంచి తలలెత్తారు.

“పెట్టిన సార్,” అంది పార్సిల్ కౌంటర్లో ఉన్న సరిత. “ఒట్టు. గీ చేతులతోనే పెట్టిన.”

“పెట్టింటే ఇంట్లో కనపడల్ల గదమ్మా! మూడు రొట్టెలున్నాయి, ఆకుకూర పప్పుంది, ఉల్లిపాయ ముక్కతో సహా ఉంది. చెనిక్కాయల చట్నీ లేదు. వారంలో ఇది నాలుగోసారి!”

కోపంతో ఆయన మొహమూ, ఎందుకో మరి మీసమూ మెరుస్తున్నాయి. పేరుకు శంకరుడే గానీ, చట్నీ దగ్గరికొచ్చేసరికి మూడో కన్ను తెరిచేస్తాడు. పైగా టిప్పు ఇవ్వడు, తిప్పలు మాత్రం పెడతాడు. సరిత చూపు పొరపాటున టిప్పుల డబ్బా వైపు మళ్ళితే దానికీ జవాబు సిద్ధం.

“కూర్చుని తింటే వడ్డించినోళ్లకు టిప్పు. నేనే వచ్చి, నేనే మోసుకుపోతాంటే ఎవరికియ్యాల? మీరే నాకియ్యాల!”

ఓనర్ ఈశ్వరయ్య పరుగున వచ్చి కొత్త చట్నీ కప్పు ఆయన చేతిలో పెట్టాడు. దండం కూడా పెట్టాడు. ఆయన అటు వెళ్ళగానే ఇటు తిరిగాడు.

“ఏంది సరితా, రోజూ గిదే లొల్లి? రేపు ఇంకో కంప్లైంట్ వచ్చిందనుకో, కౌంటర్ల గంగమ్మను నిలబెడ్త. నువ్వు మళ్ళ ఎనకకు వోయి బోళ్లు తోముకోవాలె. చెప్తున్న.”

రెండేళ్లు తోమి తోమి అరచేతి గీతలు అరిగాక దొరికిన కౌంటర్ అది. కౌంటరెక్కి నెల తిరక్కుండానే ఎన్‌కౌంటర్ అయిపోవడం సరితకు బొత్తిగా ఇష్టం లేదు.

“రేపు చట్నీ ఎట్ల మాయమైతదో నేను జూస్త,” అంది పళ్ళ బిగువున.

మర్నాడు ఏడింటికల్లా శివశంకర్ వచ్చేశాడు. సరిత చున్నీ నడుముకు బిగించింది.

“రొట్టెలు మూడు. చూసిన్రా సార్?”

“చూసినాలేమ్మా, బిరీన కట్టియ్యి.”

“ఫికర్ జేయకుండ్రి, నేనైతే నిమ్మలంగ కడ్త. ఇది పప్పు. ఇగో, పల్లి చట్నీ. ముట్టుకోండి సార్.”

“ముట్టుకునేదేంది?”

“ముట్టుకోండి.”

క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. బ్యాంకులో వేలిముద్ర వేస్తున్నవాడిలా శివశంకర్ చట్నీ కప్పును ముట్టుకున్నాడు. సరిత ఆ కప్పును రొట్టెల డబ్బాకి ఆనించి టేపు చుట్టింది. అడ్డంగా మూడు చుట్లు, నిలువుగా మూడు చుట్లు. ఫోన్లో ఫొటో తీసింది. అంతటితో ఆగిందా? మార్కర్ పెన్ను అందుకుని కవర్ మీద ఇంతింత అక్షరాలతో రాసింది: ‘రొట్టెలు 3, పప్పు 1, చట్నీ 1. ఇంట్ల మేడమే ఇప్పాలె.’

“ఇంత అవసరమా అమ్మా?” ఆయన గొంతు నీరుగారింది.

“మస్తు అవసరం సార్. నా కొలువు గిండ్లనే ఉంది.”

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడమే పదిహేనేళ్లుగా ఆయన ఉద్యోగం. అంతటి మనిషీ పార్సిల్‌ను అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. గోరు దూరే సందు కూడా లేదు. రోడ్డవతల బజ్జీల బండి వైపు ఒక దిగులు చూపు చూసి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

అరగంట గడిచింది. సరిత హమ్మయ్య అనుకుందో లేదో, శివశంకర్ మళ్ళీ ప్రత్యక్షం! చేతిలో కవర్ లేదు. మొహం వాడిపోయింది, మీసం ఎండిపోయింది.

ఈశ్వరయ్య ఉరికొచ్చాడు. “మళ్ళ ఏం తక్కువైంది సార్?”

“ఏమీ తక్కువ కాల్యా. అన్నీ ఉండాయి.” ఆయన సరితను వేలితో చూపించాడు. “ఈ యమ్మను కౌంటర్లోంచి కదిలిచ్చినావంటే మాత్రం నేను మళ్ళా ఈ గడప తొక్కను. చెప్తాండా.”

రొట్టె విరిగి నేతిలో పడటమంటే ఏమిటో జొన్నరొట్టెలమ్మే ఈశ్వరయ్యకు అప్పుడు తెలిసింది. “అట్లనే సార్, అట్లనే!” అంటూ సంబరంగా లోపలికి నడిచాడు.

శివశంకర్ జేబులోంచి వంద నోటు తీసి టిప్పుల డబ్బాలో వేశాడు. సరిత కళ్ళు నులుముకుంది. ఆయన ఇంకో వంద తీసి దాని వెనకే వేశాడు.

“రెండెందుకు సార్?”

“గట్టిగా మాట్లాడగాకమ్మా. ఎదురుగా కార్లో మా ఇంటామె కూర్చోని చూస్తాంది.” ఆయన కౌంటర్ మీదకు వంగాడు. “బ్లడ్ రిపోర్ట్ వచ్చినప్పట్నుంచి నాకు నూనె చుక్క తగలనీల్యా ఆమె. చట్నీ మర్చిపోయినారని చెప్పి మళ్ళా ఇల్లు దాటితేనే గదా, ఆ బండి కాడ నాలుగు మిరపకాయ బజ్జీలు! దోవలో కప్పు తీసి పారేస్తాండేది నేనే. ఈ పొద్దు నీ టేపు చూసి ఆమె మురిసిపోయి, పద, ఆ పిల్లకు టిప్పు ఇచ్చొద్దామని నా ఎంబడే వచ్చింది.”

“మరి రెండో నోటు?”

“మొదటిది ఆమెది, ఈ పొద్దు చట్నీ మర్చిపోనందుకు. రెండోది నాది తల్లీ, రేపు మర్చిపోయేందుకు!”