తుకారాం భార్యకు ఎన్నో నెల?

“మేడం, గీయన పెండ్లాం నెలలు ఎన్కకు నడుస్తున్నయి,” అంది కడుపుతో ఉన్న సుష్మ, గొంతు తగ్గించి.

బోధన్‌లో ఆ చిన్న ప్రసూతి ఆసుపత్రి పై అంతస్తులో శనివారం క్లాసు అప్పుడే ముగిసింది. కాన్పు నొప్పులు ఎలా తట్టుకోవాలో భార్యాభర్తలకు కలిపి నేర్పే క్లాసు అది. నేర్పేది సుచిత్ర. వర్ని దగ్గర స్థిరపడిన కోస్తా రైతుల ఇంటి అమ్మాయి, పదేళ్ళుగా కాన్పులు చేస్తున్న నర్సు.

“ఎవరి సంగతి?”

“గా తుకారాం సంగతే. మొదటివారం ఐదో నెలన్నడు. పోయినవారం తొమ్మిది పడ్డదన్నడు. ఇయ్యాల మూడో నెలట, వాంతులు ఆగుతలేవట! వేళ్ళ మీద లెక్కపెట్టిన మేడం.”

సుచిత్రకు నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయింది. ఆ అనుమానం ఆమెకూ ఉంది. మూడు వారాలుగా అతను ఒక్కడే వస్తున్నాడు. జంటలకు మాత్రమే అని తలుపు మీద రాసి ఉన్నా, “వచ్చేసారి తోల్కొస్త” అని బతిమాలి వెనక గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఎవరైనా పలకరిస్తే తల వంచుకుంటాడు. ఆమె చూపించే ప్రతి భంగిమనూ పుస్తకంలో బొమ్మ గీసుకుంటాడు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళ బొమ్మలు పరాయి మగాడి పుస్తకంలో ఎందుకు?

“ఆయన సూస్తుంటే మేం కాళ్ళు చాపుకొని కూసునుడెట్ల? మా ఆయన సాయిరాం ఇగ వద్దంటున్నడు. తక్కినోళ్ళు గూడ గదే మాట.”

 ఉన్నదే ఆరు జంటలు. ఏడాదిపాటు వెంటపడితే పెద్ద డాక్టరమ్మ ఒప్పుకున్న క్లాసు. రెండు జంటలు మానేస్తే మూసేస్తానని ముందే చెప్పింది. నొప్పులంటే భయంతో ఆపరేషన్‌కు పరుగెత్తేవాళ్ళను ఆపాలని సుచిత్ర పడిన పాట్లన్నీ ఈ ఒక్క మనిషి వల్ల మట్టిపాలయ్యేలా ఉన్నాయి.

అతను మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఆపింది.

“తుకారాం గారూ, అందరూ తమకు నప్పే పద్ధతి ఎంచుకున్నారు. ఊపిరి తీసేదా, బంతి మీద కూర్చుని చేసేదా, భర్త నడుము పట్టేదా? మీది ఒక్కటి చెప్పండి, రాసుకుంటాను.”

“మూడు నేర్సుకుంట మేడం.”

“మీ ఆవిడ ఒక్కతే కదండీ! మూడెందుకు?”

అతను నేల చూపులు చూశాడు. “బంతి మా కాడ దొరకది. యూరియా సంచిల పొట్టు నింపుకొని కూసుంటే నడుస్తదా?”

“పక్కకు ఒరిగితే పడిపోతారు. వద్దు.”

“మరి నడుం పట్టేటిది... మొగుడు లేనప్పుడు ఇంకో ఆడామె పడితే నడుస్తదా?”

“మొగుడు ఎందుకుండడు?”

అతను గబగబా రెండో చెప్పు తొడుక్కున్నాడు.

సుచిత్రకు ఒళ్ళు మండింది. “వచ్చే శనివారం మీ ఆవిడతోనే రండి. లేకపోతే రావద్దు.”

మరుసటి శనివారం అతను మళ్ళీ ఒక్కడే వచ్చాడు. ఆమె లోపలికి రానివ్వలేదు. అరగంటయ్యాక సుష్మ కెవ్వున అరిచింది. వరండా వైపు కిటికీ చువ్వల అవతల తుకారాం నిలబడి, వాళ్ళనే చూస్తూ పుస్తకంలో గీసుకుంటున్నాడు. సాయిరాం బయటికి ఉరికేసరికి అతను మెట్లు దిగి పారిపోయాడు. సుష్మ, సాయిరాం ఆ క్షణమే వెళ్ళిపోయారు. ఇంకొక్క జంట చాలు, క్లాసు మూతపడటానికి.

సోమవారం మధ్యాహ్నం సుచిత్ర స్కూటీ తీసింది. రిజిస్టర్‌లో తుకారాం రాసిన చిరునామా ఒక్క ముక్క, మోస్రా. ఊళ్ళో అడిగితే చెరుకు తోటల వైపు చూపించారు. గట్టు మీద తోట యజమాని పోశన్న కనిపించాడు.

“తుకారాం గారిల్లు ఎక్కడండీ?”

“ఇల్లేడిది బిడ్డా? మా చెరుకు కొట్టనీకె మహారాష్ట్ర నుంచి వచ్చిన ముఠాకు మేస్త్రి గాయన. గా గుడిసెలల్ల ఉంటడు. కోత అయ్యేదాంక మేస్త్రికి తప్ప గా ముఠాల ఆడోళ్ళకు గూడ ఒక్క పూట సెలవుండది. ఏం పనివడ్డది?”

“వాళ్ళావిడను చూడాలి.”

పోశన్న ఆమెను ఎగాదిగా చూశాడు. “పెండ్లామా? ఆమె సచ్చిపోయి మూడేండ్లాయె. పిల్ల గూడ దక్కలే. మల్ల చేసుకోలే ఆయన.”

 చచ్చిపోయిన భార్యకు నెలలు లెక్కచెప్పి గర్భిణుల మధ్య వచ్చి కూర్చున్నాడు! మతి చలించిందా? లేక మనసులో ఇంకేదైనా దురుద్దేశం ఉందా? అలాంటివాడినా తను మూడు వారాలు కూర్చోబెట్టింది?

“ఇప్పుడెక్కడున్నాడు?”

“బువ్వ తినే యాళ్ల గద. రోజు గీ టైముకు గా చెరుకు ఎన్కకు పోతడు. ఒక్క మొగోన్ని గూడ అటు దిక్కు రానియ్యడు. ఏం చేస్తడో ఏమో, నేను అడగలే.”

ఆమె చెరుకు సాళ్ళ మధ్య నుంచి నడిచింది. ఆకులు చేతులకు కోసుకుంటున్నా ఆగలేదు. కొంత దూరం పోయేసరికి తుకారాం గొంతు వినిపించింది, మరాఠీలో ఎవరినో గద్దిస్తున్నాడు. ఆ వెంటనే ఒక ఆడమనిషి మూలిగింది. అతను మళ్ళీ గద్దించాడు.

 సుచిత్ర ఫోన్ తీసి పోలీసుల నంబరు నొక్కి, రెండో చేత్తో చెరుకు ఆకులు పక్కకు తోసింది.

అక్కడ చెరుకు కొట్టే కత్తులు పక్కన పెట్టి, తొమ్మిది మంది గర్భిణులు వరుసగా కూర్చుని, సుచిత్ర నేర్పినట్టే ఊపిరి తీస్తున్నారు.