పెట్టే చెయ్యి

ఆ ఇంట్లో కుక్క బొగ్గుకు అందరూ చుట్టాలే, యజమాని తప్ప.

ఇల్లాలి వెనక వంటగదిలోకి, కూతురి వెనక మేడమీదికి తిరిగేది. పోస్టుమాన్ గేటు తీస్తే చాలు, ఎగిరి భుజాల మీద కాళ్లు వేసేది. యజమాని అడుగుల చప్పుడు వినిపిస్తే మాత్రం మంచం కిందికి దూరేది.

"నన్ను చూసి తోక ఊపుతుంది, తిండి పెట్టే మనిషిని చూసి తోక ముడుస్తుంది. మీది తిరకాసు కుక్కండీ" అని పోస్టుమాన్ నవ్వేవాడు.

ఆయనా నవ్వేవాడు. నవ్వాల్సిన చోట నవ్వడం ఆయనకు అలవాటే.

ఆయన పని ఆసుపత్రిలో లిఫ్టు నడపడం. వీధిలో అందరికీ లిఫ్టాయనే. పసిబిడ్డను ఎత్తుకున్నవాళ్లనీ, కళ్లు తుడుచుకునేవాళ్లనీ ఒకే ముఖంతో ఎక్కించుకుని, ఒకే ముఖంతో దించేవాడు. అంతకుముందు మున్సిపాలిటీలో బండి మీద చేసేవాడు. చెత్తబండి అని పెళ్లికి ముందే చెప్పాడు. బొగ్గు ఇంటికొచ్చిన వారంలోనే ఆ ఉద్యోగం మానేశాడు.

"బంగారంలాంటి ఉద్యోగం. ఏమంటే ఆ వాసన పడలేదంటారు. పన్నెండేళ్లు పడిన వాసన ఉన్నట్టుండి ఎందుకు పడకుండా పోయిందో" అని ఇల్లాలు ఇప్పటికీ దెప్పుతుంది.

బొగ్గును తెచ్చింది ఆయనే. నెలపిల్ల. క్యారేజీ సంచిలో వేసుకొచ్చి, రోడ్డు పక్కన దొరికిందన్నాడు. సంచి ఇలా కింద పెట్టాడో లేదో, అది కుట్టుమిషను వెనక్కి పోయి నక్కింది. ఆయన గదిలో ఉన్నంతసేపూ బయటికి రాలేదు. ఆయన పెరట్లోకి వెళ్లాక ఇల్లాలి ఒళ్లోకి వచ్చి, దూదితో పాలు తాగింది.

ఆ తరువాత రోజూ పొద్దున్నే పాలు పోసేది ఆయనే. ముందు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కునేవాడు.

"ఆపరేషన్ చేస్తున్నావా నాన్నా, పాలు పోస్తున్నావా?" అనేది కూతురు.

పాలల్లో బ్రెడ్డు ముక్కలు చేసి వేసి, గిన్నె కింద పెట్టి, గేటు దాకా వెళ్లి అటు తిరిగి నిలబడేవాడు. అప్పుడు గాని అది వచ్చి తాగేది కాదు. చప్పుడు ఆగాక వెనక్కి వచ్చి ఖాళీ గిన్నె కడిగేవాడు.

దాని మెడకు బెల్టు కట్టడం, గొలుసు పట్టుకుని తిప్పడం మాత్రం ఒక్కనాడూ చేయలేదు. "అది నావల్ల కాదు, నువ్వే కట్టు" అనేవాడు.

"కుక్కతోక వంకరంటారు. దీనికి బుద్ధే వంకర. ఇంత చేస్తున్నా విశ్వాసం లేదు" అని ఇల్లాలు విసుక్కునేది.

"దాన్నేమీ అనకు."

ఆయనకు ఒక్కటే కోరిక. ఒక్కసారి అది దానంతట అది దగ్గరికి రావాలి. అది కూడా ఎవరికీ చెప్పుకోలేదు.

ఏళ్లు గడిచాయి. కూతురు పెళ్లయి వెళ్లింది. బొగ్గు మూతి నెరిసింది. మేడమెట్లు ఎక్కడం మానేసింది. కళ్లకు తెల్లటి పొర కమ్మింది. పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఇంట్లోనే గోడలకు తగులుకుంటూ తిరిగేది.

ఒక ఉదయం గిన్నె ముందే నిలబడి పాలు తాగలేదు. మర్నాడూ అంతే. ఇల్లాలు మోకాలి నొప్పితో లేవలేకుండా ఉంది.

"డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తా" అన్నాడు.

"మిమ్మల్ని ముట్టుకోనిస్తుందా?"

తువ్వాలు పరిచి, ఊపిరి బిగబట్టి ఎత్తుకున్నాడు. అది వణకలేదు. మోచేతి వంపులో మూతి పెట్టుకుని పడుకుంది. పధ్నాలుగేళ్లలో అదే మొదటిసారి. సంతోషం వస్తుందేమోనని దారి పొడుగునా చూశాడు. రాలేదు. చేతులు తిమ్మిరెక్కాయి, అంతే.

పశువుల డాక్టరమ్మ స్పిరిట్ దూది దాని ముక్కు దగ్గర పెట్టింది. బొగ్గు తల కూడా తిప్పలేదు.

"కళ్లు, చెవులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు వాసన కూడా తెలియడం లేదు. అందుకే ఎదురుగా పాలున్నా తాగడం లేదు. వేలు ముంచి మూతికి తగిలించండి, తాగుతుంది. ఎక్కువ రోజులు ఉండదులెండి" అంది.

"మనుషుల్ని గుర్తుపడుతుందా?"

"లేదండీ. దానికిక ఎవరైనా ఒకటే. బాధపడకండి."

"లేదు" అన్నాడు.

ఇంటికొచ్చి వరండాలో చాప మీద కూర్చున్నాడు. చెయ్యి పాలల్లో ముంచి దాని మూతికి తగిలించాడు. బొగ్గు నాకింది. మళ్లీ ముంచాడు. తడుముకుంటూ అదే లేచి దగ్గరికి వచ్చి, ఆయన తొడ మీద తల ఆనించి, వేళ్ల సందుల్లో కూడా నాకింది.

ఇల్లాలు గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇన్నాళ్లకు దిగొచ్చిందా మహారాణి. డాక్టరమ్మ ఏమంది?"

"ముసలితనం అంది."

"చూశారా, ఎంతైనా కుక్క కుక్కేనండీ. పెట్టే చేతిని ఎప్పటికీ మరిచిపోదు."

"అవును" అన్నాడు.

గిన్నె ఖాళీ అయింది. బొగ్గు ఇంకా నాకుతూనే ఉంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పధ్నాలుగేళ్ల క్రితం ఒక పొద్దున మున్సిపాలిటీ కుక్కల బండి దిగి, పాలిస్తున్న దాని తల్లి మెడకు ఇనుప ఉచ్చు బిగించి ఈడ్చుకెళ్లింది ఆ చెయ్యే.