డబ్బాల కంపెనీ

“ముంచిండ్రు బావా! నమ్మినోళ్లను నట్టేట ముంచిండ్రు!” అంటూ చిన్నరాములు చెప్పులైనా విప్పకుండా నాగయ్య ఇంట్లోకి జొరబడ్డాడు.

“ఎవల్రా?”

“ఇంకెవలు, కంపెనీ! ఇగ డబ్బాలు చెయ్యదట. బంద్!”

బావాబామ్మర్దులిద్దరూ పనిచేసేది పాశమైలారంలో, మందులకు అట్టడబ్బాలు చేసే కంపెనీలో. కానీ చిన్నరాములు ఏడుపు దాని గురించి కాదు. టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ డబ్బా గురించి. దాన్ని చేసే జపాన్ కంపెనీ ఇకమీదట ఆటలు మాత్రమే చేస్తుందట. ఇన్నేళ్లూ ఎవరితో పోటీ పడిందో వాళ్ల డబ్బాల మీదే వాటిని ఆడుకోవాలట. పటాన్‌చెరువులో సీడీల దుకాణం ఆయన ఈ కబురు చెప్పిన దగ్గర్నుంచీ చిన్నరాములుకి కాలు నిలవడం లేదు.

నాగయ్య మాత్రం నవ్వాడు. “బంద్ చేస్తే మంచిదే గదరా! నడువని డబ్బాలు ఎన్నొద్దులు చేస్తది?”

“గంత అల్కగ అంటవేంది? ఇది మోసం గాదా, గద్దారీ గాదా?”

“ఏం గద్దారీ? పక్క కంపెనీల పడి బతుకుతది. మనకేం పోయింది?”

ఈ మాటలు చెవినబడుతుండగానే సంగారెడ్డి సోమయ్య గడపలో అడుగుపెట్టాడు. కూతురు కౌసల్యను నాగయ్యకిచ్చే విషయంలో ఆఖరి మాట చెప్పిపోదామని వచ్చాడాయన. పోయినవారం పెళ్లిచూపుల్లో కౌసల్య నాగయ్యకు నచ్చింది, మహా నచ్చింది. అప్పట్నుంచీ వాడికి మిషన్ మీద అట్టముక్క కూడా ముద్దొస్తోంది.

“కంపెనీ బంద్ అయితున్నదా పిల్లగా?” అన్నాడు సోమయ్య, నిలబడే.

నాగయ్య గబుక్కున లేచి కుర్చీ వేశాడు. “డబ్బాలు చేసుడొక్కటే ఆపుతది మామా. నువ్వేం ఫికర్ చెయ్యకు. ఇగ ముందటి లెక్క కంటె ఎక్కువనే ఆడుకుంటం.”

“ఆడుకుంటరా? మరి తినుడెట్ల?”

“అవ్వ వండిపెడ్తది గద మామా!”

సోమయ్య కుర్చీలో కూర్చోలేదు. చాయ్ గ్లాసులతో వస్తున్న నాగయ్య తల్లి సంగమ్మ వైపు తిరిగి, “బాగనే ఉంది చెల్లె. కంపెనీ మునుగుతుంటె నీ కొడుకు సంబురపడుతుండు. నేనొస్త మరి,” అన్నాడు.

సంగమ్మ లబోదిబోమంది. “అయ్యో అన్నా! మునిగేది వీండ్ల కంపెనీ గాదు. గా టీవీ కింద నల్లగ ఉన్నది సూడు, గా డబ్బా చేసేటోళ్లు. పనికెళ్లి రాంగనే ఇద్దరు దాని ముంగటనే కూసుంటరు.”

మాట అన్నాక గానీ ఆమెకు తెలియలేదు, తాను చేసింది సాయమో చేటో. ఇరవై ఆరేళ్లొచ్చిన మగవాడు టీవీలో బొమ్మల్ని గెంతిస్తూ కూర్చుంటాడని పిల్ల తండ్రికి చెప్పినట్టయింది. నాగయ్యకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

సోమయ్య టీవీ దగ్గరకెళ్లి, వంగి, డబ్బాను కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“డబ్బాలనంగనే నాకు మీ అట్టడబ్బాలే మతికొచ్చినయి. ఇది మా ఇంట్ల గూడ ఉన్నది. నా టీవీ రిపేర్ దుకాణంల ఎవలో ఇచ్చిపోయి మళ్ల రాలే. బాగు చేసి ఇంటికి తీస్కపోయిన. అప్పటిసంది కౌసల్య దాన్ని ఇడుస్తలేదు.”

“కౌసల్యా?” అన్నాడు నాగయ్య సంతోషంగా.

“ఈ ముచ్చట తెల్సిన కాంచి పిల్ల సక్కగ అన్నం తింటలేదు. కంపెనీ మోసం చేసిందంటది. అవుతలోళ్ల డబ్బా ఉన్న ఇంట్ల కాలు గూడ పెట్టదట.”

చిన్నరాములు తొడ చరిచాడు. “సూసినవా బావా! గట్లుండాలె మనిషంటె!”

“నువ్వేమంటవు పిల్లగా? నిజం చెప్పు,” అన్నాడు సోమయ్య.

తల్లి కళ్లతోనే బతిమాలుతోంది. మోసమే అని ఒక్క మాటంటే కౌసల్య ఇంటికొస్తుంది. నాగయ్యకు మనసొప్పలేదు. మొదటి రోజే అబద్ధంతో మొదలుపెడితే ఆ పిల్ల మొహం ఎలా చూడాలి?

“మంచిపనే చేసింది మామా,” అన్నాడు చివరికి. “డబ్బా కోసమని ఆట సావొద్దు గద.”

సోమయ్య చాయ్ గ్లాసు ముట్టకుండా లేచి, బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాడు. సంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చేజేతులా పోగొట్టుకున్నాననుకుంటూ నాగయ్య తలొంచుకుని గేటు దాకా సాగనంపాడు.

అక్కడ సోమయ్య వెనక్కి ఒకసారి చూసి, నాగయ్య చెవి దగ్గరకు వంగాడు.

“లగ్గం పక్కా అల్లుడా! కంపెనీది తప్పు గాదన్నందుకు ఇంట్ల తల్లీబిడ్డా ఒక్కటయి నన్ను సతాయిస్తుండ్రు, మన పార్టీల ఇప్పటిదాంక నేనొక్కన్నే ఉంటి!”