ఒక్క వేలు

“నీ చెల్లెలు ఇవాళ అందరితో కూర్చుని తినకపోతే రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు,” అంది కుట్టు దుకాణం యజమానురాలు. “నలుగురి ముందు ముద్ద మింగలేని పిల్ల, వచ్చినవాళ్లకి కొలతలేం తీస్తుంది?”

అక్క కుట్టు మెషీను ఆపి వెనకగదిలోకి వెళ్లింది. బట్టల మూటల మధ్య కూర్చుని చెల్లెలు గుండీలు కుడుతోంది. తిండి కూడా రోజూ అక్కడే, గోడవైపు తిరిగి.

“విన్నావా?”

చెల్లెలి చేతిలో సూది ఆగిపోయింది.

“ఎంత?” అడిగింది అక్క.

అది వాళ్లిద్దరి లెక్క. నలుగురిలో భయమేస్తే చెల్లెలికి నోరు పెగలదు. అందుకని వేళ్లు చూపించమని నేర్పింది అక్క. ఒక్క వేలంటే ఏమీ లేనట్టు. పది వేళ్లూ అంటే ప్రాణం పోతున్నట్టు. నీ భయం ఎంతుందో ముందు నీకు తెలిస్తే, తర్వాత దాని పని పట్టొచ్చు అంటుంది.

చెల్లెలు అక్క మొహం చూసి ఆరు వేళ్లు చూపించింది.

“నిజం చెప్పవే.”

ఇంకో మూడు లేచాయి.

“మరి ఆరెందుకన్నావ్?”

“నువ్వు కంగారుపడతావని.”

“నా కంగారు సంగతి నీకెందుకే పిచ్చిమొహమా! నీ ఎదురుగానే కూర్చుంటా. ఎంతో చూపించు చాలు, మిగతాది నేను చూసుకుంటా.”

మధ్యాహ్నం యజమానురాలితో సహా అందరూ బట్ట కత్తిరించే పెద్దబల్ల చుట్టూ చేరారు. చెల్లెలు గోడ పక్కనుంచి వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది.

“అమ్మయ్యో, మహారాణిగారు బయటికొచ్చారే!” అంది ఇస్త్రీ చేసే ఆవిడ. అందరూ ఆవిణ్ణి లౌడ్‌స్పీకర్ అంటారు. “కూర్చో తల్లీ, మేమేం నిన్ను కొరుక్కు తినంలే.”

అందరూ నవ్వారు. చెల్లెలు తల వంచుకుని డబ్బా మూత తీసింది.

“అదేం తిండే, పిచ్చుక తిండి! ఇదిగో, గుడ్డు తిను. ఆ కొరకడాలేంటి, మొత్తం పెట్టుకో. ఊఁ, నేను చూస్తుంటా.”

వద్దనాలంటే మాట్లాడాలి. చెల్లెలు గుడ్డు మొత్తం నోట్లో పెట్టుకుంది.

“అదీ!” అని లౌడ్‌స్పీకర్ చప్పట్లు కొట్టింది. బల్ల చుట్టూ ఉన్న మొహాలన్నీ అటే తిరిగాయి.

చెల్లెలి మొహం జేవురించింది. కళ్లనిండా నీళ్లు. అక్క కళ్లతోనే అడిగింది, ఎంత అని.

చెల్లెలు ఒక్క వేలు చూపించింది.

అక్క నమ్మలేకపోయింది. తొమ్మిది నుంచి ఒకటికి! చెల్లెలు పెదాలు విప్పకుండా నవ్వింది కూడా. తర్వాత లేచి, ఎవరి కుర్చీకీ తగలకుండా ఒదిగి ఒదిగి నడుస్తూ బాత్‌రూమ్ వైపు వెళ్లింది.

“చూశారా మేడం? ఒక్క వేలు!”

“ఏం వేలు?”

“అది మా లెక్క లెండి.”

యజమానురాలు నవ్వి, మెడలో కొలతల టేపు తీసి అక్క చేతిలో పెట్టింది. “రేపు దీన్ని మీ చెల్లెలి మెళ్లో వెయ్యి.”

అక్క టేపు మెళ్లో వేసుకుని పరుగెత్తింది. బాత్‌రూమ్ తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కుళాయి ధారగా పడుతోంది.

“ఒసేయ్, పని నీదేనే! బయటికి రా!”

లోపల తలుపుకి ఏదో మెత్తగా తగిలింది.

“ఏడుస్తున్నావా? సరే సరే, తొందరేం లేదు. మొహం కడుక్కుని నెమ్మదిగా రా. ఎవరినీ ఇటు రానివ్వనులే.”

అన్నట్టే తలుపుకి అడ్డంగా నిలబడింది. లౌడ్‌స్పీకర్ చేతులు కడుక్కోవడానికి వస్తే, “పెరట్లో కడుక్కో అక్కా, దానికసలే సిగ్గు,” అని వెనక్కి పంపేసింది. నీళ్లు తలుపు కిందినుంచి వచ్చి పాదాలు తడిపేదాకా అక్కకి ఏ అనుమానమూ రాలేదు.

గడియ విరగ్గొట్టి ఆసుపత్రికి మోసుకెళ్లారు.

కాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు. వరండా నిండా దుకాణం వాళ్లే. అక్క మెళ్లో టేపు ఇంకా అలాగే ఉంది.

“గుడ్డు గొంతుకి అడ్డం పడింది. ఎవరైనా వీపు మీద గట్టిగా చరిచి ఉంటే బతికేదేమో,” అన్నాడు డాక్టరు. “పాపం, తినేటప్పుడు పక్కన ఒక్క మనిషైనా లేరా?”