సముద్రం తగ్గలేదు

"ఏందన్నా, నీ పిల్లి కల్లు తాగినట్టు నడస్తా ఉండాది?" పక్కింటి పేరమ్మ దడి మీదుగా చూసి నవ్వింది.

కామాక్షయ్య పిల్లి వైపు చూశాడు. ఎండబోసిన నెత్తళ్ల చేపల మధ్య ముసలి పిల్లి నాలుగడుగులు వేసి, తల ఒక పక్కకు వాల్చి, తూలి పడింది. దాని వెనకే ఒక కాకి వాలి, గట్టిగా అరిచి, చేపను ఎత్తుకుపోయింది. పిల్లి చెవి కూడా కదపలేదు.

"రోజు మార్చి రోజు ఆ కాంపౌండరు సూదిపెట్టె పట్టుకోని నీ గడప తొక్కతా ఉంటే ఊరంతా నవ్వుకుంటుండారు. మనుషులకే సూది దిక్కు లేదు, పిల్లికి సూదంట!"

"పదమూడేళ్లు నా కొట్టుకు కాపలా కాసింది. ఒక్క గంప ఎలకల పాలు కాలేదు. దానికి చెయ్యకుండా ఎవరికి చేసేది?"

అడిగిన ప్రతివాళ్లకూ అతడు చెప్పే జవాబు అదే. అందులో అబద్ధం లేదు.

మూడేళ్లుగా ఆ పిల్లికి ముక్కు కారడం, గురక. ఏ ఆకుపసరుకూ లొంగలేదు. వానాకాలం చివర సూదులు మొదలుపెట్టాక ముక్కు ఆరింది. ఎండుచేపల వ్యాపారికి ఏదీ పారబోయడం చేతకాదు. చేప తలలు కోళ్లకు పోతాయి, పొట్టు కొబ్బరి మొదళ్లకు పోతుంది. పిల్లి విషయంలోనూ తన లెక్క తప్పలేదని మొన్నటిదాకా మురిసిపోయాడు. ఇప్పుడు ముక్కు బాగుపడి కాళ్లు చెడ్డాయి. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకొకటి జారిపోయింది.

"గురవా! పిల్లిని వాకాడు పశువుల ఆసుపత్రికి తీసకపోతుండా. మూత గంప ఇట్లా తే."

వసారాలో అతడి భార్య గురవమ్మ తన పళ్ళెం తాను కడుక్కుంటోంది. తలెత్తలేదు.

"నిన్నేమే!"

అయినా తలెత్తలేదు. ఈ అలక మొదలై ఇరవై రోజులైంది. దొరవారిసత్రంలో చెల్లెలి బిడ్డకు పేరు పెడుతున్నారు, పోయొస్తానని ఆమె అడిగింది. పసిబిడ్డ ఉన్న ఇంటికి ఇప్పుడు పోవద్దన్నాడు. ఆ రోజంతా ఏడ్చింది. అప్పటినుంచి పిలిస్తే పలకదు. పలికినా అడిగిందొకటి, చెప్పేదొకటి. వానాకాలం నుంచే ఆమె పళ్ళెం వేరు, చెంబు వేరు, పడక వసారాలో. ఇప్పుడు మాట కూడా వేరు పెట్టేసిందనుకున్నాడు.

ఎదురుగా పోయి నిలబడ్డాడు. "గంప," అన్నాడు చేత్తో చూపిస్తూ.

ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. "సముద్రం తగ్గలేదు," అంది, అవసరం లేనంత గట్టిగా. "ఈ నెలంతా ఒకటే హోరు. పడవలు ఎట్లా పోతుండాయో ఏమో!"

కామాక్షయ్య సముద్రం వైపు చూశాడు. అల లేదు, గాలి లేదు. నీళ్లు నూనె పోసినట్టున్నాయి. తెల్లారి పోయిన పడవలు అప్పుడే ఒడ్డుకు చేరాయి కూడా.

"ఎగతాళా?" అన్నాడు.

ఆమె గోడ పట్టుకుని లేచి, పడవ మీద నడిచినట్టు కాళ్లు ఎడంగా వేస్తూ పోయి గంప తెచ్చింది. పిల్లిని తానే ఎత్తి అందులో పెట్టింది. "నాకు నువ్వు, నీకు నేను," అని దాని తల నిమిరింది. ఆ మాట తనను పొడవడానికే అనుకున్నాడు కామాక్షయ్య. అయినా పిల్లి బాగుపడితే ఈమె అలకా తీరుతుంది. ఒక ప్రయాణానికి రెండు పనులు.

ఎద్దుబండిలో వాకాడు చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పశువుల డాక్టరు విజయభాస్కర్ పిల్లిని బల్ల మీద పెట్టి, దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. తరువాత ఇనుప పళ్ళాన్ని నేలకేసి కొట్టాడు. బయట కట్టేసిన ఎద్దు బెదిరి తాడు తెంపుకోబోయింది. పిల్లి తన పంజా నాక్కుంటూనే ఉంది.

"చెవుడు," అన్నాడు డాక్టరు.

"ముసలిదైందని వచ్చిందా సార్?"

"వయసుతో ఇంత తొందరగా రాదు. మందేమన్నా వేస్తున్నారా?"

కామాక్షయ్య మొలలోంచి ఖాళీ సీసా తీసిచ్చాడు. డాక్టరు దాన్ని వెలుగుకు పెట్టి చదివాడు.

"ఇది క్షయకు వేసే మందయ్యా! ఎన్ని సూదులు వేశారు?"

"నలభై దాటినాయి. ముక్కు బాగా ఆరింది సార్."

"ఆరుతుంది. మందు మంచిదే. కానీ ఒంటికి పడకపోతే ముందు నడక తూలుతుంది, తరువాత చెవుల్లో హోరు పుడుతుంది, ఆఖరికి చెవులు చచ్చిపోతాయి. హోరు మొదలైనప్పుడే ఆపాల్సింది. పిల్లి నోరులేనిది, ఏం చెబుతుంది పాపం!"

కామాక్షయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. "హోరంటే... సముద్రం మాదిరా సార్?"

"అట్లాగే ఉంటుందట."

"ఇప్పుడాపితే?"

"నడక కొంత కుదురుకుంటుందేమో. పోయిన చెవి మాత్రం రాదు."

గంపలోకి దించితే పిల్లి ఒక పక్కకు ఒరిగి పడుకుంది. కామాక్షయ్య మూత వేయడం మరిచి నిలబడిపోయాడు.

"సరేగాని, ఇంత చిన్న ప్రాణికి సీసా అడుగున నాలుగు చుక్కలే ఎక్కువ," అన్నాడు డాక్టరు. "మిగతా మందంతా ఏం చేశారు?"

కామాక్షయ్య వాకిలి వైపు చూశాడు. తిండి సరుకు అమ్ముకునేవాడి ఇంట్లో రోగం సంగతి గడప దాటితే, సంతలో అతడి గంప ముందు ఒక్కరూ ఆగరు. నాలుగు నెలలు ఊరి నోటికి పిల్లిని అడ్డం పెట్టి దాచిన మాట అది.

"పిల్లికి వేసిందే మిగులు సార్, సీసా మా ఇంటామెది."