పదికి ఒకటి

"ఇది నీ దవడేనా, కాదా?"

పళ్ల మేస్త్రి ప్లాస్టర్ అచ్చును భోజనాల బల్ల మీద, సరిగ్గా భార్య కంచం పక్కన పెట్టి అడిగాడు. తింటున్నదల్లా ఆగి ఆమె దాన్ని ఎగాదిగా చూసింది. తన దవడ తన నోట్లోనే ఉందని చెప్పింది.

ఆ నింపాదితనానికే మేస్త్రికి ఒళ్లు మండింది. ముప్ఫై ఐదేళ్లుగా కట్టుడు పళ్లు చేస్తున్న మనిషి. డాక్టర్లు కొలతలు తీసి పంపితే అచ్చు పోసి, మైనంలో పళ్లు పేర్చి, సెట్టు తయారుచేసి పంపడం ఆయన పని. మొహాలు గుర్తుండవు గానీ దవడలు మాత్రం మర్చిపోడు. ఇక సొంత పెళ్లాం దవడ మర్చిపోతాడా? ఎనిమిదేళ్ల కిందట ఆమెకు కింది సెట్టు చేసింది తనే. కుడివైపు చిగురు సన్నగా అరిగి ఉంటుంది, ఎడమవైపు చిన్న బొడిపె. ఈ అచ్చులోనూ అదే అరుగుదల, అదే బొడిపె. తేడా అల్లా ముందు భాగంలో పొడుచుకొచ్చిన రెండు లోహపు గుబ్బలు. అంటే దవడ ఎముకలోకి రెండు మరలు దింపించుకుందన్నమాట. వాటి మీద గుండీ పెట్టినట్టు బిగిసే కొత్త సెట్టు చేయమని పొద్దున్నే ఓ కొత్త డాక్టరు దగ్గర్నుంచి పొట్లం వచ్చింది. దాని మీద పేరు లేదు. ఒక నంబరు, ఆడమనిషి, వయసు అరవై రెండు. భార్యకూ అరవై రెండే.

అంతవరకైతే ఎలాగో సరిపెట్టుకునేవాడేమో. కొత్త సెట్టులో ఏ లోపం రాకూడదో తెలియాలని డాక్టరు ఇంకో కాగితం జతచేశాడు. పాత సెట్టుతో మీకెంత తృప్తి అని పేషెంటును అడిగి నర్సు రాసుకున్న కాగితం. నమలడానికి, పదికి ఒకటి. మాట్లాడడానికి, అదీ ఒకటే. నలుగురిలో నవ్వడానికి, సున్నా. కింద రెండు వాక్యాలు: 'ఆవలిస్తే లేచొస్తుంది. చేసినవాళ్లు బాధపడతారని ఇన్నాళ్లూ చెప్పలేదు.'

ఆ చివరి మాట దగ్గర మేస్త్రికి కళ్లు చెమర్చాయి. ఊళ్లో ఎంతమంది మెచ్చుకున్నా ఆయన చెవికెక్కదు. "పువ్వులా ఉందండీ" అని ఆమె అన్న ఒక్క మాట మీదే ఎనిమిదేళ్లుగా తలెత్తుకు తిరుగుతున్నాడు. సెట్టు వదులని ఎవరైనా గొణిగితే, మా ఆవిణ్ణి అడగండి అని ఇంటికే పంపేవాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయట, అలా అయింది ఆయన పని.

"నాలుగు నెలల కిందట మీ అక్క దగ్గరికని వెళ్లి పది రోజులున్నావు. వచ్చాక పక్షం రోజులు మెత్తటివి తప్ప ముట్టలేదు. అదేమంటే ఒంట్లో బాగాలేదన్నావు. వెర్రివాడిలా నమ్మాను."

"నిజంగానే బాగాలేదండీ."

"నా ఎదుట ఏనాడైనా పళ్లు తీశావా? ఎందుకు తీయలేదో ఇవాళ తెలిసింది."

బాగాలేదని మొహం మీదే చెప్పి ఉంటే పదిసార్లైనా మళ్లీ చేసేవాణ్ణి కదా అన్నాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదన్నాడు. పరాయివాడి ముందు నోరు తెరిచి, కట్టుకున్నవాడి పనికి పదికి ఒకటి వేయించి, తడిగుడ్డతో గొంతు కోశావన్నాడు.

ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. గోడవైపు తిరిగి కింది సెట్టు తీసి గుప్పిట్లో పెట్టుకుంది. వెలుగు పడేలా కిటికీ దగ్గర నిలబడి నోరు తెరిచింది.

మేస్త్రి కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. మరలు లేవు, గుబ్బలు లేవు. వట్టి చిగురు. ఆ బొడిపె కూడా అచ్చులో ఉన్నచోట కాదు, బాగా వెనగ్గా ఉంది. చిగురు పొడవునా ఎర్రగా ఒరుసుకుపోయిన గీతలు కనిపించాయి గానీ, ఆయన వెతుకుతున్నవి అవి కావు.

ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బంగారంలాంటి మనిషిని అనుమానించాను, బుద్ధి గడ్డి తిన్నదన్నాడు. ఏ పనికిమాలినవాడు చేసిన సెట్టో, ఆవిడెవరో ఇన్నేళ్లు ఎలా ఓర్చుకుందో పాపం అని జాలిపడ్డాడు కూడా.

"నా దగ్గర నువ్వలా దాచవని నాకు తెలుసు," అంటూ భార్య చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె చెయ్యి విడిపించుకుని, సెట్టు కడిగి పెట్టుకుంది. బల్ల మీది కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగింది.

"ఏమండీ," అంది మెల్లగా, "ఈ డాక్టరు రేపు ఉంటాడంటారా?"